65 దాటిన అమ్మానాన్నలకి కిడ్నీ మార్పిడి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా నడిపించాలి

"ఈ వయసులో ఆయనకి ఆపరేషన్ ఎందుకండీ, డయాలసిస్‌తో లాగించేద్దాం." ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా పనిచేసే నాకు తరచుగా వినపడే మాట ఇది. అనేది చాలాసార్లు కొడుకో, అల్లుడో. ఆ పెద్దాయన పక్క కుర్చీలోనే కూర్చుని వింటుంటారు. ఆయన్ని మాత్రం ఎవరూ అడగరు. ఇంట్లో 65 దాటిన మనిషి డయాలసిస్‌కి వెళ్తుంటే, లేదా త్వరలో మొదలుపెట్టాలని డాక్టర్ చెప్పి ఉంటే, మీరు ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ చెబుతాను.

ముందు వయసు సంగతి తేల్చుకుందాం. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాల కోసం పేరు నమోదు చేసుకోవడానికి మన దేశంలో ఒకప్పుడు 65 ఏళ్ల పరిమితి ఉండేది. 2023 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని తీసేసింది. ఇప్పుడు ఏ వయసువాళ్లైనా పేరు రాయించుకోవచ్చు. అయినా "65 దాటితే కుదరదట" అని ఎవరో చెప్పారని ఆగిపోయినవాళ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. కిడ్నీ వైద్యానికి మార్గదర్శకాలు రాసే అంతర్జాతీయ సంస్థ కేడిగో కూడా 2020లో ఇదే చెప్పింది: వయసొక్కటే చూసి ఎవరినీ పక్కన పెట్టకండి, గుండె, షుగర్, ఒంట్లో సత్తువ అన్నీ కలిపి చూడండి అని.

మరి లాభం ఎంత? 1999లో అమెరికా రోగుల వివరాలతో వేసిన అంచనా ప్రకారం, 60 నుంచి 74 ఏళ్ల వాళ్లు మార్పిడి చేయించుకుంటే, జాబితాలో ఎదురుచూస్తూ డయాలసిస్‌లో ఉండిపోయినవాళ్ల కంటే సుమారు 4 ఏళ్లు ఎక్కువ బతుకుతారు. 70 దాటినవాళ్ల మీద 2007లో అక్కడే వచ్చిన అధ్యయనంలో మరణించే ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. అయితే ఈ లాభం మొదటి రోజు నుంచే రాదు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు డయాలసిస్‌లో ఉన్నవాళ్ల కంటే ప్రమాదం ఎక్కువే ఉంటుంది, నెలలు గడిచాక తగ్గుతుంది. ఆ మొదటి నెలలు తట్టుకునే శక్తి మీ నాన్నగారికి, అమ్మగారికి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. కింద చెప్పే పనుల్లో సగం ఆ ప్రశ్నకి జవాబు వెతికేవే.

మొదటి పని: ఆయన్ని అడగండి, ఆవిడని అడగండి

డాక్టర్ గదిలో కాదు, ఇంట్లో, డయాలసిస్ లేని రోజు అడగండి. డయాలసిస్ అయి వచ్చిన సాయంత్రం ఏ మనిషైనా "నాకేం వద్దు, నన్నొదిలేయండి" అనే అంటారు.

మూడు విషయాలు తెలుసుకోవాలి. డయాలసిస్ రోజులు ఎలా గడుస్తున్నాయి? ఆపరేషన్ అంటే దేనికి భయం? ఎవరి కిడ్నీ అయితే తీసుకోవడానికి ఒప్పుకుంటారు? మూడోదాని దగ్గరే చాలా ఇళ్లలో బండి ఆగిపోతుంది. "బిడ్డ ఒంట్లోంచి తీసి నాకు పెట్టొద్దు" అనే తండ్రులు ఎక్కువ. ఆ మాటని మొండితనమని కొట్టిపారేయకండి. కిడ్నీ దానం చేసినవాళ్లకి భవిష్యత్తులో కిడ్నీ జబ్బు వచ్చే ముప్పు చిన్నదే అయినా ఉంటుంది. పాతికేళ్ల కొడుక్కి బతకాల్సిన ఏళ్లు ఎక్కువ కాబట్టి డాక్టర్లు కూడా అతని విషయంలో మరింత జాగ్రత్తగా ఆలోచిస్తారు. పిల్లల కిడ్నీ వద్దంటే భార్యో భర్తో తోబుట్టువులో ఉన్నారు, మరణించిన దాతల కిడ్నీల కోసం జీవన్‌దాన్ జాబితా ఉంది.

అన్నీ విన్నాక ఆయన వద్దంటే అది కూడా నిర్ణయమే. ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్ (సీఏపీడీ) ఉంది. మరీ నీరసించిపోయినవాళ్లకి డయాలసిస్ కూడా లేకుండా ఆయాసం, దురద, వాపు లాంటి బాధలు తగ్గిస్తూ మందులతో చూసుకునే పద్ధతి ఉంది. మీ నెఫ్రాలజిస్ట్‌ని వాటి గురించి కూడా అడగండి. అడగకపోతే చాలామంది చెప్పరు.

రెండో పని: సత్తువ చూడండి, పెంచండి

ఆసుపత్రికి వెళ్లకముందే ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. 3 మీటర్ల దూరంలో నేలమీద సుద్దముక్కతో గీత గీయండి. లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్లి, తిరిగి వచ్చి కూర్చోమనండి. ఫోన్‌లో టైమ్ చూడండి. 12 సెకన్లు దాటుతుంటే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. పక్కన ఒకరు నిలబడి ఉండాలి, చేతికర్ర అలవాటుంటే చేతికర్రతోనే నడవనివ్వాలి.

టైమ్ ఎక్కువ వచ్చిందని ఆశ వదులుకోనక్కర్లేదు. నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చేతుల్లో బంతి పిసకడం లాంటివి ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు కొన్ని నెలలు చేస్తే తేడా కనిపిస్తుంది. డయాలసిస్ గదిలో ఆ నాలుగు గంటలు మంచం మీద ఊరికే పడుకునే బదులు కాళ్లు ఆడించే వ్యాయామాలు చేయించే సెంటర్లున్నాయి, మీ దగ్గర ఉందేమో కనుక్కోండి.

తిండి దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. డయాలసిస్ మొదలుకాకముందు పప్పు, గుడ్డు, చికెన్ తగ్గించమని చెప్పి ఉంటారు. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది: ప్రోటీన్ పెంచాలి, కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటుంది. కానీ ఇంట్లో ఆ పాత చీటీయే ఫ్రిజ్ మీద అతికించి ఉంటుంది, అన్నం, సొరకాయ కూరతోనే నెలలు గడిచిపోతాయి. మనిషి ఎండిపోతాడు, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోతుంది, చివరికి "ఆపరేషన్ తట్టుకోలేరు" అని డాక్టర్ చెబుతారు. డైటీషియన్‌ని కలిసి కొత్త చీటీ రాయించుకోండి. శాకాహారులైతే మరీ ముఖ్యం. పొటాషియం, ఫాస్ఫరస్ పెరగకుండా ప్రోటీన్ ఎలా ఇవ్వాలో వాళ్లే చెప్పగలరు.

మూడో పని: పరీక్షలు, గుండె నుంచి మొదలుపెట్టి

ఆసుపత్రివాళ్లు పొడవాటి లిస్టు ఇస్తారు. అందులో గుండె పరీక్షలు మొదట చేయించండి. ఈసీజీ, టూడీ ఎకో, అవసరమైతే స్ట్రెస్ టెస్ట్, యాంజియోగ్రామ్. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి గుండె నాళాలు మూసుకుపోయినా ఛాతీ నొప్పి రాకపోవచ్చు, కాబట్టి "నాకేం నొప్పి లేదు" అన్న మాట మీద ఆగకండి. స్టెంట్ వేయాల్సి వస్తే ఆ తర్వాత కొన్ని నెలలు రక్తం పలచబరిచే మందులు ఆపకూడదు, మార్పిడి వాయిదా పడుతుంది. గుండెని చివరికి పెట్టుకున్నవాళ్లకి మిగతా రిపోర్టులన్నీ పాతబడి, మళ్లీ డబ్బు కట్టి చేయించుకోవాల్సి వస్తుంది.

తర్వాత కాలి రక్తనాళాలు. కొత్త కిడ్నీని పాత కిడ్నీల చోట పెట్టరు. పొత్తికడుపులో ఒక పక్కన పెట్టి, కాలికి వెళ్లే పెద్ద నాళానికి కలిపి కుడతారు. వయసు, షుగర్, ఏళ్ల తరబడి డయాలసిస్ వల్ల ఆ నాళం గోడలో కాల్షియం పేరుకుని గట్టిపడిపోతే కుట్టు పడే చోటు దొరకదు. సీటీ స్కాన్‌లో అది ముందే తెలుస్తుంది. పాత కిడ్నీలని మామూలుగా తీయరు, అక్కడే ఉంచేస్తారు.

మగవాళ్లకి ప్రోస్టేట్ చూపించడం మరచిపోకండి. డయాలసిస్‌లో చాలాకాలం ఉన్నవాళ్లకి మూత్రం దాదాపు రాదు, అందుకే ప్రోస్టేట్ పెరిగి దారి ఇరుకైనా తెలియదు. కొత్త కిడ్నీ పనిచేయడం మొదలయ్యాక, మూత్రం ట్యూబు తీసిన రోజు అది బయటపడుతుంది.

క్యాన్సర్ పరీక్షలు వయసుని బట్టి ఉంటాయి: ఆడవాళ్లకి మామోగ్రామ్, పాప్ స్మియర్, మగవాళ్లకి ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ రక్తపరీక్ష, ఇద్దరికీ పెద్దపేగు పరీక్ష, సిగరెట్, చుట్ట అలవాటుంటే ఊపిరితిత్తుల స్కాన్. టీబీ గతంలో వచ్చి తగ్గి ఉంటే కచ్చితంగా చెప్పండి. మార్పిడి తర్వాత వేసుకునే మందులు లోపల నిద్రపోతున్న టీబీని లేపవచ్చు. పుచ్చిన పళ్లు ఇప్పుడే పీకించండి, చిగుళ్ల చీము తర్వాత పెద్ద తలనొప్పి అవుతుంది.

టీకాల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. హెపటైటిస్ బీ డయాలసిస్ వాళ్లకి రెట్టింపు డోసులో, ఆరు నెలల వ్యవధిలో పూర్తవుతుంది. న్యుమోనియా, ఫ్లూ టీకాలు, సర్పి రాకుండా వేసే టీకా గురించి అడగండి. బతికున్న క్రిములతో చేసే టీకాలు మార్పిడి అయ్యాక వేయకూడదు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. రక్తం తక్కువగా ఉందని వెంటనే రక్తం ఎక్కించవద్దని మీరే అడగండి. ఎక్కించిన ప్రతిసారీ ఇతరుల కణజాలానికి వ్యతిరేకంగా ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యే అవకాశం ఉంటుంది, తర్వాత మ్యాచింగ్ కష్టమవుతుంది. ఐరన్‌తో, ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లతో హిమోగ్లోబిన్ పెంచే మార్గం ముందు చూడాలి. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఎక్కించాల్సిందే.

నాలుగో పని: దాత ఎవరు?

మన దేశ అవయవ మార్పిడి చట్టం 1994 నాటిది, 2011లో సవరించారు. దాని ప్రకారం భార్య, భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, నానమ్మ, అమ్మమ్మ, మనవలు, మనవరాళ్లు దగ్గరి బంధువులు. అల్లుడు, కోడలు, బావమరిది, పిన్ని కొడుకు ఈ లెక్కలోకి రారు. వాళ్లు ఇవ్వాలంటే అనుమతి కమిటీ ముందుకి వెళ్లాలి, డబ్బు చేతులు మారలేదని వాళ్లని ఒప్పించాలి, కాగితాలు కూడా ఎక్కువ అడుగుతారు.

దాత అనగానే అందరూ అమ్మ వైపు చూస్తారు. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, తీసుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. అమ్మ మనస్ఫూర్తిగా ఇస్తానంటే సంతోషం. కానీ ఆవిడని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగే అవకాశం ఆసుపత్రిలో ఉంటుంది, ఉండాలి కూడా. "నాకు భయంగా ఉంది, ఇంట్లో చెప్పలేను" అని ఆవిడ అంటే, వైద్యపరంగా కుదరలేదని మాత్రమే మీకు చెప్పి పంపిస్తారు. అంతకుమించి గుచ్చి గుచ్చి అడగకండి.

"దాత వయసు 62, ఆ కిడ్నీ పనికొస్తుందా?" అని సందేహం వద్దు. ఆవిడకి బీపీ అదుపులో ఉండి, షుగర్ లేకుండా, కిడ్నీ పనితీరు బాగుంటే పెద్ద వయసు కిడ్నీ పెద్ద వయసు మనిషికి సరిపోతుంది. యూరప్‌లో 8 దేశాలు కలిసి నడిపే యూరోట్రాన్స్‌ప్లాంట్ 1999 నుంచి, మరణించిన 65 దాటిన దాతల కిడ్నీలని 65 దాటిన రోగులకే ఇచ్చే పద్ధతి నడుపుతోంది. దాతకి డీటీపీఏ స్కాన్ (ఒక్కో కిడ్నీ ఎంత పనిచేస్తుందో చూసేది), సీటీ యాంజియో (కిడ్నీ రక్తనాళాలు చూసేది), రక్త, మూత్ర పరీక్షలు, గుండె పరీక్షలు అన్నీ చేస్తారు.

బ్లడ్ గ్రూప్ కలవకపోతే రెండు దారులు. గ్రూప్ కలవకపోయినా మందులతో, ప్లాస్మా మార్పిడితో చేసే పద్ధతి ఒకటి. దీనికి ఖర్చు ఎక్కువ, పెద్దవాళ్లకి ఇన్ఫెక్షన్ల భయం కూడా ఎక్కువ. రెండోది స్వాప్: మీలాగే గ్రూప్ కలవని మరో కుటుంబంతో దాతలని మార్చుకోవడం. పెద్ద వయసువాళ్ల విషయంలో నా ఓటు స్వాప్‌కే. 2011 సవరణ దీన్ని చట్టంలో చేర్చింది, ఆ సవరణని అమలు చేసుకుంటామని తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానించింది.

కాగితాలు: ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు, పెళ్లి ధ్రువపత్రం, పిల్లల చదువు సర్టిఫికెట్లలో తల్లిదండ్రుల పేర్లు, పాత కుటుంబ ఫొటోలు. నలభై ఏళ్ల కిందటి పెళ్లికి రిజిస్ట్రేషన్ ఉండదు, శుభలేఖ, పెళ్లి ఫొటో వెతికి పెట్టుకోండి. ఇంటి పేరు ఒక కార్డులో ఒకలా, మరో కార్డులో ఇంకోలా ఉంటే ముందే సరిచేయించండి. పెద్దవాళ్ల ఫైళ్లు ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే. కమిటీ ముందు మాట్లాడేదంతా వీడియో తీస్తారు, దాత తన మాటల్లో చెబితే చాలు, బట్టీ పట్టించకండి.

"దాతని మేం చూసిపెడతాం" అనే దళారీ ఫోన్ చేస్తే అక్కడితో ఆపేయండి. 2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో అక్రమ కిడ్నీ మార్పిడులు బయటపడి పోలీసు కేసులయ్యాయి. కిడ్నీ కొనడం, అమ్మడం రెండూ నేరమే: 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా. అలాంటి చోట ఆపరేషన్ అయినవాళ్లకి తర్వాత ఫాలో అప్ చూసే దిక్కు కూడా ఉండదు.

దాత లేకపోతే: జీవన్‌దాన్

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ ఉంది, తెలంగాణది హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి నుంచి నడుస్తుంది. మీరు నేరుగా వెళ్లి పేరు రాయించుకోలేరు, మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే నమోదు అవుతుంది. ఎదురుచూపు ఏళ్లలో ఉంటుంది. 'ఓ' బ్లడ్ గ్రూప్ వాళ్లకి 'ఓ' గ్రూప్ కిడ్నీయే కావాలి కాబట్టి ఇంకాస్త ఎక్కువ. అందుకే 65 దాటినవాళ్లు ఇంట్లో దాత గురించి ఆలోచిస్తూనే ఇక్కడ కూడా పేరు వేయించడం మంచిది. ఏళ్లు గడిచేకొద్దీ సత్తువ తగ్గుతుంది, పరీక్షలు మళ్లీ చేయించాల్సి వస్తుంది.

పిలుపు ఎప్పుడైనా రావచ్చు, అర్ధరాత్రి కూడా. ఆసుపత్రిలో ఇచ్చిన నంబర్లు రెండూ పనిచేస్తుండాలి, ఒకటి ఇంట్లో చిన్నవాళ్లదై ఉండాలి. పెద్దాయన ఫోన్ చార్జింగ్ అయిపోయి, బీరువా మీద పడి ఉన్న ఇళ్లు నాకు తెలుసు. ఫోన్ రాగానే ఏమీ తిననివ్వకండి, తాగనివ్వకండి. చివరి డయాలసిస్ ఎప్పుడైందో, జ్వరం, దగ్గు, కాలి పుండు ఏమైనా ఉన్నాయో చెప్పండి. ఫైలు, మందుల చీటీ, పొడిబరువు (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండే బరువు) రాసిన డయాలసిస్ పుస్తకం పట్టుకెళ్లండి. ఒక కిడ్నీ కోసం ఒకరి కంటే ఎక్కువమందిని పిలుస్తారు, దాత కణాలతో రక్తం సరిపడుతుందా అని చూసే క్రాస్ మ్యాచ్ పరీక్షలో కలిసినవాళ్లకే అది దక్కుతుంది. ఖాళీ చేతులతో తిరిగి రావాల్సి రావచ్చని పెద్దవాళ్లకి దారిలోనే చెప్పి ఉంచండి.

డబ్బు

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. రెండింటిలోనూ కిడ్నీ మార్పిడి ఉంది, కానీ మీరు ఎంచుకున్న ఆసుపత్రికి ఈ చికిత్స చేసే అనుమతి ఉందా, తర్వాతి మందులు ఎన్నాళ్లు ఇస్తారు అన్నవి ఆరోగ్యమిత్రని అడిగి రాసుకోండి. సొంత డబ్బుతో అయితే ఆపరేషన్ ఖర్చు కంటే నెలనెలా మందుల ఖర్చు గురించే ఎక్కువ ఆలోచించండి. మొదటి ఏడాది నెలకి పది, పదిహేను వేలు మామూలే. మందులు డబ్బుల్లేక మానేస్తే కిడ్నీ పోతుంది.

రైళ్లలో మార్పిడి కోసం, డయాలసిస్ కోసం వెళ్లే కిడ్నీ రోగులకి, వెంట ఒకరికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే ఫారం కావాలి. పాత పన్ను విధానంలో ఉంటే 80డీడీబీ (1961 నాటి ఆదాయపన్ను చట్టంలోని సెక్షన్) కింద సీనియర్ సిటిజన్ చికిత్సకి లక్ష రూపాయల వరకు మినహాయింపు తీసుకోవచ్చు.

ఆపరేషన్, ఆ తర్వాత వార్డులో

ఆపరేషన్ మూడు, నాలుగు గంటలు పడుతుంది. ఇబ్బందులు లేకపోతే వారం, పది రోజుల్లో ఇంటికి పంపిస్తారు. మూత్రనాళంలో పెట్టిన సన్నని గొట్టాన్ని (డీజే స్టెంట్) కొన్ని వారాల తర్వాత తీస్తారు, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. మరణించిన దాత కిడ్నీ అయితే కొన్ని రోజులు పనిచేయకపోవచ్చు, ఈలోగా మళ్లీ డయాలసిస్ చేస్తారు. టెన్షన్ పడకండి, చాలావరకు కోలుకుంటుంది.

పెద్దవాళ్లలో రెండో రోజో మూడో రోజో ఒక కలవరం కనిపించవచ్చు. మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ట్యూబులు పీకేయడం, "నన్ను ఇంటికి తీసుకెళ్లండి" అని అరవడం. స్టెరాయిడ్లు, ఐసీయూ లైట్లు, నిద్ర లేకపోవడం కలిసి అలా చేస్తాయి. మతిపోయిందని ఏడవకండి, నర్సుకి చెప్పండి. కళ్లజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్లు దగ్గర ఉంచి, ఏ రోజో, ఏ పూటో చెబుతూ, తెలిసిన గొంతు వినపడేలా చూస్తే త్వరగా తేరుకుంటారు.

ఇక నీళ్లు. డయాలసిస్ ఉన్నన్నాళ్లూ స్టీలు గ్లాసుతో కొలిచి రోజుకి లీటరు లోపే తాగిన మనిషికి ఇప్పుడు రెండున్నర, మూడు లీటర్లు తాగమంటారు. మా వార్డులో ఒక పెద్దావిడ నర్సు ఇచ్చిన సీసాలో సగం తాగి, మిగతాది మంచం కింద దాచిపెట్టేవారు. ఎక్కువ తాగితే ఆయాసం వస్తుందని ఆవిడ భయం. ఏళ్ల అలవాటు ఒక్క మాటతో పోదు. పక్కనే కూర్చుని, గంటకో గ్లాసు చొప్పున తాగించి, తాగిందీ, వచ్చిన మూత్రమూ కాగితం మీద రాసి చూపించండి. ఎంత తాగాలో మాత్రం డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి.

ఇంటికొచ్చాక మందులు

కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఎక్కువమందికి మూడు రకాలు: టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్. వీటితో పాటు ఇన్ఫెక్షన్లు రాకుండా కొన్ని నెలలు మరికొన్ని. వయసు పైబడినవాళ్లలో కిడ్నీని ఒళ్లు తిరస్కరించడం కాస్త తక్కువ, ఇన్ఫెక్షన్ల ప్రమాదం ఎక్కువ. డాక్టర్ మోతాదు తగ్గించారంటే కారణం సాధారణంగా అదే. మీరై మీరు తగ్గించకండి.

టాక్రోలిమస్ 12 గంటల తేడాతో వేయాలి. ఉదయం 9, రాత్రి 9 అనుకుంటే అలారం పెట్టండి. దీని లెవెల్ (రక్తంలో మందు ఎంత ఉందో) పరీక్షకి రక్తం ఇచ్చే రోజు ఉదయం మాత్ర వేయకుండా వెళ్లాలి, రక్తం ఇచ్చాక వెంటనే వేసుకోవాలి. కాబట్టి మాత్ర, నీళ్ల సీసా సంచిలో ఉండాలి. వేసుకుని వెళ్తే లెవెల్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, మోతాదు అనవసరంగా తగ్గిస్తారు.

మందుల షాపులో "అదే మందండీ, కంపెనీ వేరు" అంటే తీసుకోకండి. కంపెనీ మారితే లెవెల్ మారవచ్చు. మార్చక తప్పకపోతే డాక్టర్‌కి చెప్పి, మళ్లీ పరీక్ష చేయించండి. విరేచనాలైనా లెవెల్ పెరుగుతుంది. వాంతులతో ఒక రోజు మందులు నిలవకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయించుకునే అలవాటు మన పెద్దవాళ్లకి బాగా ఉంది. ఆ సూది ఇక వద్దు, కిడ్నీకి దెబ్బ. జ్వరం, నొప్పికి పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో అడిగి పెట్టుకోండి. క్లారిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్, డిల్టియాజెమ్ టాక్రోలిమస్‌ని పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ బాగా పడగొడుతుంది. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టం. పర్సులో ఒక కార్డు పెట్టండి: "కిడ్నీ మార్పిడి అయింది, కొత్త మందు ఇచ్చేముందు ఈ నంబర్‌కి ఫోన్ చేయండి." తిప్పతీగ కషాయం, ఇమ్యూనిటీ పెంచే పొడులు వద్దు. మనం మందులిచ్చి తగ్గిస్తున్నదే ఇమ్యూనిటీని. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు.

షుగర్ లేనివాళ్లకి కూడా ఈ మందులతో షుగర్ రావచ్చు, పెద్ద వయసులో ఆ అవకాశం ఇంకా ఎక్కువ. మొదటి నెలల్లో తరచుగా చూపించండి.

100.4 డిగ్రీల జ్వరం, మూత్రం తగ్గడం, ఒక్కసారిగా బరువు పెరగడం, కాళ్ల వాపు, కొత్త కిడ్నీ ఉన్న చోట నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఫోన్ చేయాలి. "పొద్దున్న చూద్దాంలే" అనేవాళ్లు ఎక్కువగా పెద్దవాళ్లే, పిల్లల నిద్ర చెడగొట్టకూడదని. ముందే చెప్పి ఉంచండి: అర్ధరాత్రి లేపినా ఫరవాలేదని.

ఇల్లు, తిండి, మనవలు

ఆవకాయ ముద్దలోని ఉప్పుని కూడా లెక్కలో వేసుకోవాలి, బీపీ ఉన్నవాళ్లు మరీ. బయట చట్నీలు, కోసి పెట్టిన పళ్లు, పచ్చి పాలు మొదటి నెలల్లో మానేయాలి. కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన పెరుగు తినొచ్చు. పొలం, పెరటి పనిలో చేతికి గ్లవ్స్, కాలికి చెప్పులు ఉండాలి. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన (ఫిస్టులా ఉన్న) చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి.

మనవణ్ని ఎత్తుకోవద్దని ఎవరూ చెప్పరు. ఇంట్లో ఆటలమ్మ, దగ్గు, జ్వరం ఉంటే మాత్రం ఆ పిల్లలు వేరే గదిలో ఉండాలి. పోలియో చుక్కలు వేశాక కొన్ని వారాలు బిడ్డ మలంలో ఆ క్రిమి వస్తుంటుంది, ఆ వారాల్లో బట్టలు మార్చే పని తాతకో నానమ్మకో అప్పగించకండి. పిల్లలకి ఏ టీకా వేయించినా ముందు మీ ట్రాన్స్‌ప్లాంట్ బృందానికి ఒక మాట చెప్పండి.

దాతకి కూడా ఒక ఫైలు

ఆపరేషన్ అయ్యాక దాత మూడు, నాలుగు రోజుల్లో ఇంటికి వచ్చేస్తారు, వచ్చిన రోజు నుంచే వంటగదిలోకి వెళ్లిపోతారు. అందరి కళ్లూ కిడ్నీ తీసుకున్నవాళ్ల మీదే. కొన్ని వారాలు బరువులు ఎత్తకుండా చూడండి, నీళ్ల బిందెలు, గ్యాస్ సిలిండర్ సహా. ఏడాదికోసారి దాతకి బీపీ, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు జీవితాంతం చేయించాలి. నాన్న రివ్యూ తేదీనే అమ్మకి కూడా అపాయింట్‌మెంట్ తీసుకుంటే రెండు పనులూ ఒకే ప్రయాణంలో అవుతాయి. దాత కూడా నొప్పి సూదులకి దూరంగా ఉండాలి, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా తనకి ఒక కిడ్నీయే ఉందని చెప్పాలి.